ఇన్సులిన్ గంటలో పనిచేస్తే థైరాయిడ్ గోలీకి నెలలెందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు 54 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. నెల కింద థైరాయిడ్ తక్కువగా ఉందని తేలితే 50 మైక్రోగ్రాముల గోలీ రాశారు. ఇన్సులిన్ వేసిన గంటకల్లా షుగర్ దిగేది. థైరాయిడ్ గోలీ మాత్రం నెల వాడినా నీరసం పోలేదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే రక్తంలో పెరిగే హార్మోన్) 14 నుంచి 9కే వచ్చింది. గోలీ నకిలీదా? రోజుకు రెండు వేయొచ్చా? ఇంకో సంగతి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇచ్చే గోలీలు రెండు నెలలుగా పొద్దున పూట వాడుతోంది. నొప్పి ఒక్క రోజులో తగ్గింది కానీ, ఈమధ్య మధ్యాహ్నం షుగర్ 300 దాటుతోంది. ఇన్సులిన్ పెంచాలా?

జవాబు: ముందుగా రెండు మాటలు. థైరాయిడ్ గోలీ రెండు వేయకండి, ఇన్సులిన్ సొంతంగా పెంచకండి. ఆ పొట్లం గోలీలను కూడా ఇవాళ్టికివాళ ఆపేయకండి. ఎందుకో చెబుతాను. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది.

హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. కానీ తన రిసెప్టర్, అంటే ఆ హార్మోన్‌ను గుర్తుపట్టి అందుకునే ప్రొటీన్, ఉన్న కణంలోనే పనిచేస్తుంది. ఆ రిసెప్టర్ కణం పైపొర మీద ఉందా, లోపలి ద్రవంలో ఉందా, కేంద్రకంలో ఉందా అన్నదాన్ని బట్టి మందు ఎంత వేగంగా పనిచేస్తుందో చాలావరకు తేలిపోతుంది.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలున్న ప్రొటీన్. కణపొర కొవ్వుతో తయారైనది కాబట్టి ప్రొటీన్ దాన్ని దాటి లోపలికి పోలేదు. గడప దగ్గర నిలబడి కబురు చెప్పిన మనిషిలా, పైపొర మీదున్న రిసెప్టర్‌ను తాకి ఊరుకుంటుంది. ఆ కబురు లోపల ఒకదాన్నుంచి ఒకటికి అందుతూ పోతుంది. కండరాల్లో, కొవ్వు కణాల్లో గ్లూకోజును లోపలికి తెచ్చే రవాణా ప్రొటీన్లు లోపలి సంచుల్లో ముందే సిద్ధంగా ఉంటాయి. కబురు అందగానే అవి పైపొరకు చేరతాయి. కొత్తగా తయారుచేయాల్సిందేమీ లేదు కాబట్టి పని నిమిషాల్లో మొదలవుతుంది. అన్నట్టు, ఇన్సులిన్ ఆకారం చెడితే రిసెప్టర్ దాన్ని గుర్తుపట్టదు. మన వైపు ఎండలకు కిటికీ పక్కన పెట్టిన సీసా అలాగే పాడవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, సీసాను తడి తగలకుండా కవర్లో చుట్టి, నీళ్లు చిలకరించిన మట్టికుండలో నీడకు పెట్టండి.

థైరాయిడ్ గోలీ దారి వేరు. అందులో ఉండేది టీ4 అనే థైరాయిడ్ హార్మోన్. అది కణంలోకి వెళ్లి ఒక అయోడిన్ పరమాణువును వదులుకుని టీ3గా మారాలి. టీ3కి రిసెప్టర్ కేంద్రకంలోనే ఉంటుంది. హార్మోన్ రాకముందు నుంచే డీఎన్ఏను అంటిపెట్టుకుని, ఎక్కువగా కొన్ని జన్యువుల పని ఆపి ఉంచుతుంది. టీ3 వచ్చి అతుక్కున్నాకే ఆ జన్యువులు పనిలోకి దిగుతాయి. అప్పుడు కొత్త ప్రొటీన్లు తయారవాలి, అవి ఒంట్లో తేడా చూపించాలి. దానికితోడు టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే వారం రోజులు పడుతుంది. అంటే రోజూ వేసుకునే గోలీ ఒంట్లో ఒక స్థాయికి కుదురుకోవడానికి ఐదారు వారాలు కావాలి. నెలకే 14 నుంచి 9కి వచ్చిందంటే గోలీ పనిచేస్తోందనే అర్థం. నకిలీదని అనుకోవాల్సిన పనిలేదు. రెండు వేస్తే గుండెదడ, వణుకు మొదలవ్వచ్చు, షుగర్ ఉన్నవాళ్ల గుండెకు అది అసలు మంచిది కాదు.

ఒకటి మాత్రం చూడండి. గోలీ వేసుకున్న వెంటనే అమ్మ ఛాయ్ తాగుతోందా? అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ గోలీలు ఉంటే నాలుగు గంటల తర్వాతే వేయాలి. లేదంటే థైరాయిడ్ గోలీని పేగులు సరిగ్గా పీల్చుకోవు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ పొట్లమే. పేరు లేని గోలీ, ఒక్క రోజులో మాయమైన నొప్పి, మధ్యాహ్నం పెరిగే షుగర్. ఈ మూడూ కలిస్తే నేను మొదట అనుమానించేది స్టెరాయిడ్‌నే, ప్రెడ్నిసొలోన్ గానీ డెక్సామెథసోన్ గానీ. ఇవి కొవ్వులో కరుగుతాయి కాబట్టి కణపొరను సులువుగా దాటేస్తాయి. వీటి రిసెప్టర్ లోపలి ద్రవంలో వేరే ప్రొటీన్లతో అతుక్కుని ఉంటుంది. స్టెరాయిడ్ తగలగానే వాటిని విడిచి కేంద్రకంలోకి వెళ్లి, కొన్ని జన్యువులను నడిపిస్తుంది, వాపు తెచ్చే వాటిని అణిచేస్తుంది. ఇదంతా కొన్ని గంటల పని. అందుకే పొద్దున వేసుకుంటే రాత్రికి మోకాలు తేలికైనట్టుంటుంది. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది.

అదే రిసెప్టర్ కాలేయంలోనూ ఉంది. అక్కడది గ్లూకోజు తయారుచేసే ఎంజైముల జన్యువులను రేపుతుంది. కండరాల్లో ఇన్సులిన్ కబురు లోపలికి సాగకుండా అడ్డుపడుతుంది. గడప దగ్గరి రిసెప్టర్ బాగానే ఉంటుంది, అడ్డంకి లోపల ఉంటుంది. పొద్దున గోలీ మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ పెంచేది ఇందుకే. ప్రెడ్నిసొలోన్ అయితే తెల్లవారుజామున దాని ప్రభావం తగ్గుతుంది. ఆ సంగతి తెలియక రాత్రి ఇన్సులిన్ పెంచితే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు.

మరి ఆపేస్తే పోదా అంటారు. రెండు నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ అందితే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంత కార్టిసాల్ (ఒళ్లు తానే తయారుచేసుకునే స్టెరాయిడ్) తయారీ తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా ఉంటుంది. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

రేపే ఆ పొట్లం, ఇన్సులిన్ సీసా, రిపోర్టులు పట్టుకుని అమ్మను నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి మెడిసిన్ ఓపీకి తీసుకెళ్లండి. ఆర్ఎంపీ ఇచ్చాడని చెప్పడానికి మొహమాటపడొద్దు, గోలీలను దాచొద్దు. డాక్టరు స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గిస్తూ, దాంతోపాటే ఇన్సులినూ తగ్గించాల్సి ఉంటుంది, లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది. టీఎస్‌హెచ్ పరీక్షకు ముందు స్టెరాయిడ్ సంగతి తప్పకుండా చెప్పండి, ఎక్కువ మోతాదులో అది టీఎస్‌హెచ్‌ను కిందికి లాగుతుంది. థైరాయిడ్ గోలీ ప్రస్తుతానికి అదే 50 కొనసాగించండి, మొదలుపెట్టిన ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, మోతాదు మార్చాలో వద్దో డాక్టరునే చెప్పనివ్వండి.