బ్యాండ్ వదిలి సినిమా పనికి వెళ్ళడం ద్రోహమా? ఉండిపోయినవాడి జవాబు

నలుగురం కలిసి సొంత పాటల బ్యాండ్ నడుపుతున్నామని, ఇప్పుడు ఒక సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామర్‌గా, అంటే కంప్యూటర్‌లో బీట్లు, వాయిద్యాలు అల్లే పనికి, రమ్మంటున్నారని, అక్కడ చేరితే బయట షోలు చేయకూడదని రాశారు. ఫ్రెండ్స్‌ని ముంచినట్టవుతుందా అని మీ టెన్షన్.

నేను వెళ్ళినవాణ్ణి కాదు, ఉండిపోయినవాణ్ణి. డ్రమ్స్ వాయిస్తాను. మా గిటారిస్టుకి ఇలాంటి పిలుపే వచ్చింది, వెళ్ళాడు. అందుకు నాకు కోపం రాలేదు. హైదరాబాద్‌లో చిన్న షోలు జరిగే లామకాన్‌లో జనం మెట్ల మీద కూర్చుని శ్రద్ధగా వింటుంటే ఆ ఆనందమే వేరు, కానీ యూసుఫ్‌గూడలో ఇంటి ఓనర్‌కి దాంతో పనిలేదు.

కాలిందెక్కడంటే, ఈ సంగతి మాకు సౌండ్ చెక్ టైంలో వేరే బ్యాండ్ కుర్రాడు చెప్పాడు. "కంగ్రాట్స్ అన్నా, మీవాడు సినిమాల్లోకి వెళ్తున్నాడంట" అంటుంటే, నాకు ముందే తెలిసినట్టు తలూపుతూ సింబల్ స్టాండ్ మర బిగించుకున్నాను.

తర్వాత అసలు చిక్కు మొదలైంది. ట్రాకులన్నీ అతని లాప్‌టాప్‌లో, పాటలు ఎక్కించిన అకౌంట్ అతని పేరున. కుట్రేం లేదు, మొదట్లో ఎవరో ఒకరు ఈమెయిల్ ఇవ్వాలి కదా. వచ్చే డబ్బు చాయ్‌కి చాలదు, పంతాలు మాత్రం కోట్ల ఆస్తికి పోయినట్టు పోయాం.

అందుకని, వెళ్ళండి. ముందు మాత్రం ఆ ముగ్గురికీ మీరే చెప్పండి. అప్పుడే ఏ పాట ఎవరు రాశారు, ట్యూన్ ఎవరిది, ఎవరికెంత వాటా అని కాగితం మీద పెట్టి సంతకాలు చేసుకోండి. పాట (మాటలు, ట్యూన్) హక్కు వేరు, దాన్ని రికార్డ్ చేసిన ట్రాక్ హక్కు వేరు, రెండూ రాయండి. రాసినవాళ్ళు, ట్యూన్ కట్టినవాళ్ళు పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో చేరి పాటలు నమోదు చేసుకోవచ్చు. ఫైళ్ళు అందరికీ కాపీ ఇచ్చేయండి.

కొత్తచోట కూడా మొహమాటపడకండి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం సినిమా పాట థియేటర్ బయట ఎలా వాడుకున్నా గీత రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీ వాటా ఉంటుంది, నిర్మాతకి రాసిచ్చినా పోదు. ప్రోగ్రామర్‌కి ఆ రక్షణ లేదు. మీ ట్యూన్ వాడితే పేరు ఎవరిది పడుతుందో జీతంతో పాటే అడగండి. షోలు వద్దన్నది ఎన్నాళ్ళో కూడా.

ఒప్పుకున్న షోలు వాయించే వెళ్ళండి. వీలైతే మీ బదులు ఒకరిని వెతికి మీ పాటలు నేర్పించండి. కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు, వాయించే గిటారిస్టులు హైదరాబాద్‌లో వీధికొకరు దొరుకుతారు, ఎవరూ వినని పాటని కూర్చుని నేర్చుకునేవాళ్ళే దొరకరు.