పసుపు కొట్టాక పరామర్శకు వెళ్లకూడదా?

ప్రశ్న: ఇంకో 16 రోజుల్లో నా పెళ్లి. ఇంట్లో పసుపు కొట్టేశారు. ఐదు రోజుల క్రితం నా ప్రాణ స్నేహితురాలి నాన్నగారు గుండెపోటుతో పోయారు. ఇంటర్‌లో మా ఇద్దర్నీ స్కూటర్ మీద ట్యూషన్‌కి దింపింది ఆయనే. ఆంటీ చేతి అన్నం ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ‘పసుపు కొట్టాక చావింటి గడప తొక్కకూడదు’ అని అమ్మ ఆపేసింది. వాట్సాప్‌లో ‘రిప్’ అని పెట్టాను. తను చూసింది కానీ జవాబివ్వలేదు. ఫోన్ చేయడానికి మొహం చెల్లడం లేదు. పెద్దకర్మకైనా వెళ్లనా? వెళితే ఏం మాట్లాడాలి?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు ఫోన్ చేయండమ్మా. ఈ రోజే చేయండి. ‘ఎందుకు రాలేకపోయానంటే...’ అని మాత్రం మొదలుపెట్టకండి. పసుపు సంగతి తనకూ తెలుసు, తనూ తెలుగింటి పిల్లే. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మనిషి మీ ఇబ్బందిని కూడా అర్థం చేసుకోవాలనుకోవడం ఎక్కువ అడగడమే. ‘అంకుల్ స్కూటర్ కళ్ల ముందే కనిపిస్తోందే’ అనండి చాలు. తను ఏడిస్తే ఏడవనివ్వండి, ఊరుకో అనకుండా లైన్లో ఉండండి. ఎత్తకపోతే రాత్రికి మళ్లీ చేయండి.

అమ్మతో గొడవ వద్దు. నిజానికి మైల దాయాదులకే గాని స్నేహితులకు కాదు. పరామర్శకు వెళ్లొచ్చిన వాళ్లు తలస్నానం చేస్తే సరిపోతుంది. కానీ పెళ్లికూతురి విషయంలో పెద్దవాళ్ల మనసు ఒప్పుకోదు, అది మీ మీద ప్రేమే. పెద్దకర్మకు మీ ఇంటి తరఫున బాబాయో మామయ్యో వెళ్లి భోజనం చేసి వస్తే మర్యాదగా ఉంటుంది. మీరు ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు వెళ్లండి. మైల తీరిన ఇల్లని చెబితే అమ్మ కూడా మెత్తబడతారు.

ఆ రోజుల్లోనే మనిషి తోడు ఎక్కువ అవసరం. మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులూ ఇల్లు జనంతో నిండి ఉంది. పన్నెండో రోజు షామియానా వాళ్లు కుర్చీలు పట్టుకుపోయారు. ఫ్రిజ్ మీద నాన్న బీపీ మాత్రల షీటు, అందులో నాలుగు మిగిలి ఉన్నాయి. దాన్ని పారేయలేక, ఉంచలేక నిలబడిపోయాను. అప్పుడు గేటు తీసుకుని వచ్చిన స్నేహితురాలు ఏమీ అడగలేదు. నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. పాతికేళ్లయినా ఆమెను మరిచిపోలేదు.

అక్కడికి వెళ్లాక ‘ఎలా జరిగింది, ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు’ అని అడగకండి. అది వాళ్లు ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు. ‘ఇంక ఇంటికి నువ్వే దిక్కు’ అని ఆ పిల్ల నెత్తిన బరువు పెట్టకండి. పెళ్లి షాపింగ్ ఫొటోలు, ఫోన్ మోత ఏవీ వద్దు. లేచేటప్పుడు ‘వెళ్లొస్తాను’ అనరని తెలుసుగా, భుజం మీద చేయి వేసి లేవండి. శుభలేఖ ఆ రోజు తీసుకెళ్లకండి. తర్వాత ఇచ్చినా, రావాల్సిందే అని పట్టుబట్టకండి. ఏడాదిపాటు శుభకార్యాలకు వెళ్లని ఇళ్లు చాలా ఉన్నాయి.

నాకు అసలు దిగులు ఆంటీ గురించి. మిమ్మల్ని చూడగానే ఆవిడే పక్కకు తప్పుకోవచ్చు, ‘పెళ్లికూతురివి, నా ఎదురు రాకమ్మా’ అనవచ్చు. మొన్నటిదాకా పేరంటాలకు పిలిచిన వాళ్లు ఇప్పుడు ఆవిడ ఎదురొస్తే ఆగిపోతారు. ఈ ఆచారాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. మీరు కూడా తలుపు దగ్గరి నుంచే పలకరించి వచ్చేస్తే ఆవిడ తట్టుకోలేరు. దగ్గరికి వెళ్లి చేయి పట్టుకోండి. మీకు అన్నం పెట్టిన చేయి అది. ఆవిడ తేరుకున్నాక, తల వంచి ఆశీర్వదించమని మీరే అడగండి.