ప్రార్థన చేయాలంటే నోరు పెగలడం లేదు, అయినా చర్చికి వెళ్తే అది నటన అవుతుందా?

వందనాలండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారి కోసం ఏడాదిపాటు ఉపవాసాలుండి ప్రార్థించారు, ఆయన దక్కలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే ఉద్యోగం పోయింది. అమ్మగారి కోసం ఆదివారం చర్చికి వెళ్తున్నారు గానీ పాట పాడుతుంటే పెదాలు కదలడమే తప్ప లోపల ఏమీ లేదంటున్నారు. ఇలాంటప్పుడు విశ్వాసంలో ఎలా నిలబడాలి, ఇలా వెళ్లడం దేవుణ్ణి మోసం చేయడం కాదా అని అడిగారు.

కాదు. వెళ్లండి. ఎందుకంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఒంగోలు దగ్గర పల్లె, తరాలుగా బాప్టిస్టు కుటుంబం. 2014లో మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అప్పటికి ఆయనకి 41 ఏళ్లు. వారానికి మూడు రోజులు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ ఉండబట్టి ఆ ఖర్చు తప్పింది. మిగతావన్నీ మామీదే. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కౌలుకిచ్చేశాం, నా గాజులు పోయాయి. వీటన్నిటికంటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది దాహం. రోజు మొత్తానికి లీటరు లోపే తాగాలన్నారు డాక్టర్లు. అందులోనే కాఫీ, మజ్జిగ, చారు అన్నీ లెక్క. ఒంగోలు ఎండల్లో ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని గంటసేపు గడిపేవారు. పిల్లలు ఆయన ఎదుట నీళ్లు తాగడం మానేశారు, ఎవరూ చెప్పకుండానే.

2015 డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకి వెళ్లాం. పన్నెండు దాటాక మా చర్చిలో పళ్లెంలో వాగ్దానం కార్డులు, అంటే ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డులు పెడతారు, తలా ఒకటి తీసుకుంటాం. ఆయన తీసిన కార్డులో 118వ కీర్తన 17వ వచనం వచ్చింది: "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను." పక్కనున్నవాళ్లకి చూపిస్తే అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేను ఆ కార్డుకి లామినేషన్ చేయించి ఆయన దిండు కింద పెట్టాను.

2016 సెప్టెంబర్‌లో ఆయన వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఇంటికి వచ్చినవాళ్లలో కొందరన్న మాటలు ఇప్పటికీ మర్చిపోలేను. 'విశ్వాసం ఇంకాస్త ఉండాల్సింది' అన్నారు. అంతకుముందు ఒక ప్రసంగీకుడు డయాలసిస్ మానేసి దేవుణ్ణే ఆనుకోమని చెప్తే మా ఆయన ఒప్పుకోలేదు. అందుకే స్వస్థత రాలేదని ఒకావిడ నా ఎదుటే అంది. మీ ఇంట్లోనూ ఎవరో అలా అన్నారని రాశారు కదా. ఆ మాట మనసులో పెట్టుకోకండి. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని కష్టాలపాలైన యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత నోళ్లు విప్పి 'నీ పాపం వల్లే' అని మొదలుపెట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్లమీద. అంతసేపూ దేవుడితో వాదించి, నిలదీసిన యోబే తనను గురించి సరిగ్గా మాట్లాడాడని అన్నాడు. ఇది ఆ గ్రంథం 42వ అధ్యాయంలోనే ఉంది. మన సంఘాల్లో ఆ భాగం చదివి వినిపించేవాళ్లు ఎందుకు తక్కువో నాకు తెలియదు.

నేను నాలుగు నెలలు చర్చి గడప తొక్కలేదు. బైబిల్ తెరిస్తే ఆ కార్డు కనబడేది, మూసేసేదాన్ని. కొత్త సంవత్సరం వాచ్‌నైట్‌కీ పోలేదు. రాత్రి పన్నెండింటికి చర్చి మైకులో పాటలు వినిపిస్తుంటే తలుపులు వేసుకుని పడుకున్నాను.

ఆ రోజుల్లో మా స్త్రీల సమాజంలో ఉన్న ఒక పెద్దావిడ ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చేది. వాక్యం చెప్పేది కాదు, ప్రార్థన చేద్దామా అని అడిగేది కాదు. నేను గోంగూర ఒలుస్తుంటే తనూ ఒక కట్ట తీసుకుని ఒలిచేది. వెళ్లేముందు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకునేది. ఒకరోజు కోపంగా అడిగాను, 'నేనే ప్రార్థన చేయనప్పుడు నువ్వెందుకు పిన్నీ చేస్తావు?' అని. 'నీకు చేతకావట్లేదుగా, అందుకే నీ వంతు కూడా నేను చేస్తున్నా' అంది.

ఆ మాట పట్టుకునే నేను మళ్లీ చర్చికి వెళ్లాను. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందుకు దించుతారు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథే. అక్కడ ఒక మాట నేనెప్పుడూ గమనించలేదు: యేసు "వారి విశ్వాసము చూచి" అని ఉంది. వారి అంటే ఒక్కడిది కాదు. మంచంమీద ఉన్నవాడికి ఎంత విశ్వాసం ఉందో అసలు లేదో అక్కడ ఎవరూ కొలవలేదు. నా జీవితంలో ఆ నాలుగు నెలలూ నేను మంచంమీద ఉన్నాను, మోసింది పిన్ని. మీరిప్పుడు మంచంమీద ఉన్నారు. చర్చిలో మీ చుట్టూ పాడుతున్నవాళ్లలో కొందరు మిమ్మల్ని మోస్తున్నారు. మోయించుకోవడం నటన ఎలా అవుతుందండీ?

నేను చివరి బెంచీలో కూర్చునేదాన్ని. పాడేదాన్ని కాదు, వినేదాన్ని. ప్రభురాత్రి భోజనం (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవాలా వద్దా అని సందేహపడితే మా పాస్టరు అయ్యగారు, 'ఆకలి లేదని అన్నం మానేస్తే నీరసం ఎక్కువవుతుందమ్మా, రా' అన్నారు. అంతే.

2017 గుడ్ ఫ్రైడే రోజు కూడా అదే బెంచీ. మా చర్చిలో యేసు సిలువమీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు చెప్తారు. ఐదో మాట, "నేను దప్పిగొనుచున్నాను," మొదలవగానే నాకు ముందటేడు గుర్తొచ్చింది. అప్పుడు మా ఆయన నా పక్కనే ఉన్నారు, మార్చి నెలాఖరు, ఉక్కపోత, నాలుక పిడచకట్టి ఉంది. ఆ మాట వినగానే నా చెయ్యి నొక్కి, 'ఈ మాట నాకు బాగా తెలుసే' అన్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. టైమ్‌కి మాత్ర వేయాలన్న టెన్షన్‌లో ఉన్నాను. ఏడాది తర్వాత చివరి బెంచీలో కూర్చుని ఏడ్చాను. ఆయన స్వస్థత కోసమే యేసు దగ్గరికి వెళ్తున్నాడనుకున్నాను నేను. ఆయనేమో తనలాగే దాహంతో ఉన్నవాడి పక్కన కూర్చుని వచ్చేవారు. ఆ రోజు నేను చేసిన ప్రార్థన ఒక్క ముక్క: 'ఎందుకు?' జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కానీ అడగడం మొదలుపెట్టాను.

మా నాయనమ్మ ఒక సంగతి పదేపదే చెప్పేది. ఒంగోలులో ప్రేయర్ మీటింగ్ హిల్ అని కొండ ఉంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు మిషన్ పెట్టి దాదాపు పద్నాలుగేళ్లయినా చేరినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే, ఇక మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. అలాంటి రోజుల్లో 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ జూయెట్ దొర దంపతులు, జూలియమ్మ లాంటి తెలుగు విశ్వాసులు కొందరు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. తర్వాత 1876-78లో ధాత కరువు అనే పెద్ద కరువు వచ్చింది. జనానికి కూలి దొరకాలని క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. అప్పుడు బాప్తిస్మం కావాలని వందలమంది వచ్చినా ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపేశాడు. గంజి కోసం నమ్మితే గంజి అయిపోగానే నమ్మకమూ పోతుందని ఆయన భయం. కరువు సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అందరూ ఆ 2,222 గురించి గొప్పగా చెప్తారు. నాకు మాత్రం గంజి ఆగిపోయాక కూడా నీళ్లలోకి దిగారన్నదే పెద్ద సంగతి. నా విశ్వాసానికి నాకే తెలియకుండా ఒక కార్డు షరతు అయి కూర్చుంది. బైబిల్లో షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు అగ్నిగుండం ముందు నిలబడి, దేవుడు రక్షించగలడు, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" రాజు నిలబెట్టిన విగ్రహానికి మొక్కం అన్నారు. ఆ 'ఒకవేళ' దాకా రావడానికి నాకు చాలా కాలం పట్టింది. కొన్ని రోజులు ఇప్పటికీ అక్కడ నిలబడలేను.

ఇక మీ విషయం. ప్రార్థనకి మాటలు రాకపోతే మీ సొంత మాటల కోసం వెతుక్కోకండి. 88వ కీర్తన గట్టిగా చదవండి. అది ఆశతో ముగియదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే మీ మౌనం ఆయనకి కొత్త కాదు. మీకోసం ప్రార్థించే మనిషి ఒక్కరిని అడిగి పెట్టుకోండి, సలహాలివ్వని మనిషైతే మేలు. ఉద్యోగం దొరికేదాకా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నట్టు రాశారు, అది ఆపండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చచ్చిపోతానని పడుకున్నప్పుడు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. మూడు నెలలుగా నిద్ర సరిగ్గా లేదంటున్నారు కాబట్టి డాక్టరుకి చూపించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గదు, మా ఆయన వారానికి మూడుసార్లు వెళ్లాడు.

ఆ కార్డు పారేయలేదు. నా బైబిల్లో ఇప్పుడు 88వ కీర్తన దగ్గర ఉంటుంది.

అమ్మగారికి నా వందనాలు చెప్పండి. ఈ ఆదివారం వెళ్లొచ్చాక ఎలా ఉందో రాయండి. ఏమీ అనిపించకపోతే ఏమీ అనిపించలేదనే రాయండి. మా బుధవారం కూడికలో మీకోసం ప్రార్థిస్తాం, మీ వంతు కూడా.