జమైకా ఇగ్వానాకూ ముంగిసకూ ఏమిటి సంబంధం?

చాలా దగ్గరి సంబంధమే ఉంది. ఈ పెద్ద బల్లి జమైకాలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించదు. చెరకు తోటల్లో ఎలుకల బెడద పోతుందని 1872లో కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను అక్కడికి తీసుకెళ్లారు. మనం పాములకు శత్రువుగా చెప్పుకునే ఆ జంతువు ఇగ్వానా గుడ్లనూ పిల్లలనూ తినడం మొదలుపెట్టింది. 1940ల తర్వాత ఇగ్వానా ఇక లేదనే అనుకున్నారు. 1990లో హెల్‌షైర్ కొండల్లో పందుల వేటకు వెళ్లిన ఒకరి కుక్క బతికున్న ఇగ్వానాను పట్టుకుంది!

ఆ కొండలన్నీ కత్తుల్లా మొనదేలిన సున్నపురాయి. గుడ్లు పెట్టేంత మట్టి ఎక్కడో ఒకచోట గానీ దొరకదు. అందుకే ఆడ ఇగ్వానాలు ఒకే చోటికి చేరి గుంతలు తవ్వుతాయి. గుడ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లల్లో కొన్నింటిని కింగ్‌స్టన్‌లోని హోప్ జూకు తీసుకెళ్లి, ముంగిస నోటికి చిక్కనంత పెద్దవయ్యేదాకా కొన్నేళ్లు పెంచి, తిరిగి అడవిలో వదులుతున్నారు. ముంగిసలకు బోనులూ పెడుతున్నారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం కట్టెబొగ్గు కోసం సాగే చెట్ల నరికివేత. ఇగ్వానా ఎక్కువగా తినేది ఆ అడవి ఆకులు, పండ్లే. వాటి గింజలను దూరంగా చేర్చేదీ అదే.