స్వాతి నక్షత్రానికి ఎలుగుబంటితో ఏం సంబంధం?

ప్రశ్న: మా అమ్మాయిది స్వాతి నక్షత్రం. దాన్నే ఇంగ్లీషులో ఆర్క్‌ట్యూరస్ అంటారని, ఆ మాటకి ఎలుగుబంటి కాపలాదారు అని అర్థమని ఎక్కడో చదివొచ్చి ఒకటే అడుగుతోంది. స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యం అవుతుందని విన్నాం గానీ మధ్యలో ఈ ఎలుగుబంటి ఎక్కడ్నించి వచ్చిందండీ?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు పాపని డాబా మీదకి తీసుకెళ్ళండమ్మా, సగం జవాబు అక్కడే ఉంది. మే నెలాఖర్లో రాత్రి పదింటప్పుడు ఉత్తరం వైపు గరిటెలా సప్తర్షి మండలం కనిపిస్తుంది కదా, ఆ గరిటె కాడలో అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి ఉంటారు, ఆ కాడ వంపుని అలాగే సాగదీసుకుంటూ వస్తే దాదాపు మన నడినెత్తి మీద నారింజ రంగులో వెలుగుతూ తగిలేదే స్వాతి. ఇంకా సాగదీస్తే చిత్ర వస్తుంది, అది తెల్లగా కాస్త నీలంగా ఉంటుంది, రెండూ మార్చి మార్చి చూస్తే స్వాతి రంగు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు ఎలుగుబంటి. గ్రీకులకి ఆ సప్తర్షులున్న చోటే పెద్ద ఎలుగుబంటి. కల్లిస్టో అనే అమ్మాయి మీద దేవతల రాజు జ్యూస్ మనసు పడ్డాడు, కొడుకు పుట్టాడు, జ్యూస్ భార్య హెరా కోపంతో ఆమెని ఎలుగుబంటిగా మార్చేసింది. కొడుకు ఆర్కస్ పెద్దయ్యాక వేటకెళ్ళి, ఎదురుపడ్డ ఎలుగు తన తల్లేనని తెలీక ఈటె ఎత్తాడు, అది దిగేలోపే జ్యూస్ ఇద్దర్నీ ఆకాశానికి లాగేశాడు. ఈ కథని చాలా రకాలుగా చెప్తారు గానీ నాకు మాత్రం ఆ ఎత్తిన ఈటె దగ్గరే గుండె ఆగుతుంది. ఆర్క్‌టోస్ అంటే ఎలుగు, ఊరోస్ అంటే కాపలాదారు, స్వాతి ఆ ఎలుగు వెనకే ధ్రువం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆర్క్‌ట్యూరస్ అని పేరు. స్వాతి ఉన్న మండలం బొవోటీస్, అంటే ఎడ్లని తోలేవాడు, మన పుస్తకాల్లో భూతేశ మండలం.

అసలు సంగతి ఏంటంటే ఆ ఎలుగు మనకీ ఉంది! జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా, ఋక్షం అంటే ఎలుగే, ఆ మాటా గ్రీకు ఆర్క్‌టోస్ ఒకే మూలం నుంచి పుట్టినవి. రాత్రి పైన కనపడే ఈ ఋక్షాలు పగలు ఎటు పోతాయి అని ఋగ్వేదంలో ఒక ఋషి అడుగుతాడు, సప్తర్షుల్ని పూర్వం ఋక్షాలనేవాళ్ళని శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథం తిన్నగా చెప్పేస్తుంది. కాబట్టి పాపకి ధైర్యంగా చెప్పండి, అది పరాయి ఎలుగు కాదని.

స్వాతికి వేదంలో నిష్ట్య అని ఇంకో పేరుంది, బయటిది అని అర్థం, చంద్రుడు నడిచే దారికి ఇది 30 డిగ్రీల పైనే దూరంగా ఉంటుంది, అందుకే ఆ పేరేమో అని నాకనిపిస్తుంది. అధిదేవత వాయువు. ముత్యం మాట భర్తృహరి శ్లోకంలో ఉంది, కాలిన ఇనుము మీద పడ్డ నీటికి పేరు కూడా మిగలదు, అదే నీరు స్వాతిలో సముద్రపు చిప్పలో పడితే ముత్యం అంటాడు. మన రైతులకి స్వాతి కార్తె అక్టోబరు చివర్లో వస్తుంది, అక్కడ గ్రీసులో 2,700 ఏళ్ళ కిందట హెసియడ్ అనే కవి కూడా ఈ చుక్క తెల్లవారుజామున కనపడగానే ద్రాక్ష కోయమని రైతులకి చెప్పాడు.

ఇంకొక్కటి. హవాయి వాళ్ళు దీన్ని హోకూలేఆ అంటారు, అంటే సంతోషపు చుక్క. వాళ్ళ దీవుల మీద ఇది సరిగ్గా నడినెత్తికి వస్తుంది, అందుకని సముద్రంలో ఇది తల మీదకి వచ్చిందంటే ఇల్లు ఉన్న అక్షాంశానికి చేరినట్టే లెక్క. ఈ పేరే పెట్టిన పడవలో 1976లో దిక్సూచి లేకుండా చుక్కలు చూసుకుంటూ తాహితి దీవి దాకా వెళ్ళారు. మన నిజామాబాద్, ఆదిలాబాద్ కూడా ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉన్నాయి, అక్కడ మీ చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళని కూడా ఆ రాత్రి డాబా ఎక్కి తలెత్తి చూడమనండి.