రేడియేటర్ ఫ్యాన్లు పెడితే గ్యాస్ బిల్లు తగ్గుతుందా? మా ఇంటి అనుభవం

గ్యాస్ బాయిలర్ కాచిన నీళ్లతో గదిని వేడిచేసే రేడియేటర్‌కి పెట్టుకునే చిన్న ఫ్యాన్లు కొంటే ఇల్లు త్వరగా వేడెక్కుతుందా, బిల్లు తగ్గుతుందా అని అడిగారు. మీరు ఉండేది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో అద్దె ఇల్లు, కాంబి బాయిలర్ (నిల్వ ట్యాంకు లేకుండా కుళాయికీ రేడియేటర్లకీ నీళ్లు కాచేది) అన్నారు. మాది అక్కడే రెడింగ్‌లో పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండేది), బాయిలర్ అదే రకం. మూడు చలికాలాలుగా ఈ ఫ్యాన్లు వాడుతున్నాను. గది త్వరగా వేడెక్కే మాట నిజం. బిల్లు మాత్రం ఫ్యాన్ పెట్టినంత మాత్రాన తగ్గదు, బాయిలర్‌లో కూడా ఒక మార్పు చేయాలి.

మా ముందు గదిలో బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కిటికీ (బే విండో), దాని కిందే రేడియేటర్. హీటింగ్ వేస్తే కిటికీ దగ్గర వెచ్చగా ఉండేది, సోఫాలో కూర్చుంటే కాళ్లు జిల్లుమనేవి. మొదటి ఏడాది డిసెంబరులో ఖమ్మం నుంచి వచ్చిన అమ్మ, సాయంత్రమైతే శాలువా కప్పుకుని రేడియేటర్ పక్కనే కుర్చీ వేసుకునేది. అది చూడలేక ఫ్యాన్ తెప్పించాను.

రేడియేటర్ వేడిలో ఎక్కువ భాగం గాలి ద్వారానే గదికి చేరుతుంది. పలకల మధ్య మడతలు మడతలుగా ఉండే రేకుల్లో వేడెక్కిన గాలి నేరుగా సీలింగ్‌కి పోతుంది. ఫ్యాన్ ఆ రేకుల మధ్య గాలిని వేగంగా కదిలించి, అవే వేడి నీళ్ల నుంచి ఎక్కువ వేడిని లాగి గదిలోకి తోస్తుంది. టేబుల్ మీద థర్మామీటర్ పెట్టి చూస్తే, 16 నుంచి 19 డిగ్రీలకి రావడానికి అంతకుముందు గంటన్నర పట్టేది, ఫ్యాన్ పెట్టాక గంట లోపే వచ్చింది. కానీ గ్యాస్ మీటర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉండదు కూడా. గది 19 డిగ్రీల్లో ఉన్నంతసేపు గోడల్లోంచి, కిటికీల్లోంచి బయటికి పోయే వేడి పోతూనే ఉంటుంది, దాన్ని బాయిలరే పూడ్చాలి.

రెండో ఏడాది ఫ్లో టెంపరేచర్ తగ్గించాను. బాయిలర్ నుంచి రేడియేటర్లకి వెళ్లే నీటి వేడి అది. మాది 75లో ఉంటే 55కి దించాను. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా పెడుతున్న గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే, పొగతో పోయే ఆవిరి నీరుగా మారి దానిలోని వేడి మనకి దక్కుతుంది. అసలు పొదుపు అక్కడుంది. చిక్కేమిటంటే, ఫ్లో 75 నుంచి 55కి దిగితే రేడియేటర్ ఇచ్చే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. మిగతా గదులు ఎలాగో సర్దుకున్నాయి, ముందు గది మాత్రం 17 దాటలేదు. ఫ్యాన్ నాకు నిజంగా పనికొచ్చింది ఇక్కడే. అది తిరుగుతుంటే ఆ గది కూడా 19కి చేరింది.

ఆ ఏడాది మళ్లీ వచ్చిన అమ్మ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, "ఇది సరిగ్గా కాలట్లేదు నాన్నా, బాయిలర్ పాడైందేమో చూడు" అంది. గది వెచ్చగానే ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలడం మనకి అలవాటు కాబట్టి అలా అనిపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి, లేకపోతే టెన్షన్ పడతారు.

ఫ్లో తగ్గించడానికి బాయిలర్ ముందున్న రేడియేటర్ గుర్తు నాబ్ చాలు, మూత విప్పకండి. కుళాయి గుర్తుది వేరు. వేడి నీళ్ల సిలిండర్ (నిల్వ ట్యాంకు) ఉన్న ఇళ్లలో మాత్రం ఇలా దించేయకూడదు, బ్యాక్టీరియా పెరగకుండా అందులో నీళ్లు 60 డిగ్రీల్లో ఉండాలి.

ఫ్యాన్‌కి కరెంటు ఖర్చు లెక్కలోది కాదు. 3 వాట్ల ఫ్యాన్ రోజుకి 8 గంటలు, ఆరు నెలలు తిరిగినా నాలుగున్నర యూనిట్ల లోపే. పడకగదిలో పెట్టిన దాన్ని మాత్రం తీసేశాను, రాత్రి నిశ్శబ్దంలో ఆ సన్నటి గుయ్యిమనే శబ్దానికి పాప లేచేది. గది వేడిని బట్టి బాయిలర్‌ని ఆపే థర్మోస్టాట్ ఉన్న గదిలోనూ పెట్టకండి. ఆ గది ముందే వేడెక్కి బాయిలర్ ఆగిపోతుంది, పైన గదులు చల్లగా మిగులుతాయి.

కరెంటుతో నడిచే ఆయిల్ హీటర్‌కి ఫ్యాన్ పెట్టి లాభం లేదు. తీసుకున్న కరెంటంతా ఎలాగూ వేడిగానే మారుతుంది.

కొనేముందు ఖర్చు లేని పనులు చేసి చూడండి. రేడియేటర్ మీద ఆరేసిన తడి బట్టలు తీసేయండి, మేమూ ఆరేసేవాళ్లం, గోడకి బూజు పట్టింది. పొడుగు కర్టెన్లు రేడియేటర్ వెనక్కి దోపండి, సోఫా ఒక జానెడు ముందుకి జరపండి. రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు, రేడియేటర్ తాళంచెవితో ఆ గాలి తీయండి. తర్వాత పైనుంచి టార్చి వేసి చూడండి. రెండు పలకల మధ్య మడతల రేకులు కనిపిస్తే దుమ్ము దులిపి, ఎక్కువ చల్లగా ఉండే ఒక్క గదికి ఒక ఫ్యాన్ కొనుక్కోండి. రేకుల్లేని ఒంటి పలకైతే ఆ డబ్బు దాచుకోండి.