చిట్టీ, ముందు తీసుకున్న డబ్బు ముట్టుకోకు

పర్లాకిమిడి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, నువ్వు బరంపురంలో నెలనెలా బ్యూటీ శాంపిళ్ళ బాక్స్ పంపే వ్యాపారం పెడుతున్నావని. బాక్స్ మీద బొమ్మ కూడా తయారైపోయిందట. ఒడియా వాళ్ళ ఆడపిల్లల పండుగ రజకి మొదలుపెడతావట. మన ఇంట్లో సొంతంగా వ్యాపారం చేస్తానన్న ఆడపిల్ల నా తర్వాత నువ్వే. పడుకున్న మీ మామయ్యని లేపి మరీ చెప్పాను. ఆయన మళ్ళీ నిద్రపోయారు గానీ నాకే తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు. ఎందుకో ఈ ఉత్తరంలో చెబుతాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. బ్యాంకు అకౌంటు వేరుగా తెరువు. ప్రతి బిల్లూ దాచు. కొరియర్ రేటు ముందే మాట్లాడుకో. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. 2010లో న్యూయార్క్‌లో ఇద్దరు అమ్మాయిలు నెలకు 10 డాలర్లకి ఇలాంటి బాక్సే బర్చ్‌బాక్స్ అని మొదలుపెట్టారని, మన దేశంలో 2012లో అలాంటిదే ఫ్యాబ్ బ్యాగ్ వచ్చిందని, అది పెట్టినవాళ్ళే తర్వాత షుగర్ కాస్మెటిక్స్ పెట్టారని రాశావు. కంపెనీలు శాంపిళ్ళు ఊరికేనో చవగ్గానో ఇస్తాయి, వాడి చూసినవాళ్ళు నచ్చితే పెద్ద సీసా కొంటారు, అందరికీ లాభం అన్నావు. బాగుంది. కానీ కంపెనీ దగ్గర నీకు ఊరికే వచ్చిన వస్తువుకి నీ బాక్స్ తెప్పించుకునే అమ్మాయి డబ్బు కట్టిందన్న మాట నీ మెసేజ్‌లో ఎక్కడా కనిపించలేదు. నాకు గుబులు పుట్టింది అక్కడే.

మీ వదిన విశాఖలో ఉన్నప్పుడు ఇలాంటి బాక్స్ ఒకటి తెప్పించుకునేది. ఏ కంపెనీ అన్నది వదిలేయ్. చేరేటప్పుడు ఫారంలో బోలెడు ప్రశ్నలు. చర్మం జిడ్డా, పొడా? రంగు ఏమిటి? ఏది పడదు? అది ఓపిగ్గా అన్నీ నింపింది. మొదటి నెల బాగానే వచ్చింది. రెండో నెల బొమ్మలో చూపించిన పెద్ద ట్యూబుల బదులు వేలెడంత ప్యాకెట్లు వచ్చాయి. మూడో నెల దాని రంగుకి ఏమాత్రం నప్పని తెల్లటి ఫౌండేషన్, ముందే వచ్చిన గోళ్ళ రంగు మళ్ళీ, ఇంకో రెండు నెలల్లో గడువు అయిపోయే క్రీము. బాక్స్ మీద మాత్రం లోపలి సరుకు విలువ వందలకి వందలు వేశారు. మానేద్దామంటే ఎక్కడ నొక్కాలో తెలియలేదు. నాలుగో నెల డబ్బు కోసేసుకున్నారు. నాకు ఫోన్ చేసి, "డబ్బు పోతే పోయిందమ్మా, వాళ్ళు చదవనప్పుడు నన్ను అన్ని ప్రశ్నలు ఎందుకడిగారు?" అంది. అది చిన్న పిల్ల కాదు. అయినా గొంతు వణికింది. ఆ గొంతు నాకు పాత సంగతి ఒకటి గుర్తుచేసింది.

1997 మాట. మార్కెట్ దగ్గర నా ఫ్యాన్సీ షాపు నువ్వు చూడలేదు, నువ్వు పుట్టేనాటికే మూసేశాను. చిన్న గది. గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు, పౌడర్ డబ్బాలు, తాడుకి వేలాడే షాంపూ ప్యాకెట్లు. 1983లో కడలూరులో మొదలైన చిక్ లాంటివి వచ్చాక, సీసా కొనలేని ఇళ్ళలో కూడా రూపాయి పెట్టి షాంపూ కొంటున్న రోజులు. ఆ ప్యాకెట్లు చూస్తుంటేనే నాకు ఆలోచన తట్టింది. నెలకు 25 రూపాయలు, నెల మొదట్లో ఒక పొట్లం. లోపల ఏముందో చెప్పను, విప్పి చూసుకోవాలి. ఆరు నెలల డబ్బు 150 ముందే కట్టాలి. 40 మంది కట్టారు. టీచర్లు, నర్సులు, ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చే ఇద్దరు, మా వీధిలో జాకెట్లు కుట్టే ఒడియా ఆవిడ. 6,000 రూపాయలు. అంత డబ్బు ఒక్కసారిగా నా చేతిలో అంతకు ముందెప్పుడూ పడలేదు.

మొదటి రెండు నెలలు చిన్న రైల్లో నౌపడా దాకా, అక్కణ్ణించి విజయనగరం వెళ్ళి, డీలర్ దగ్గర ఒక్కొక్కటీ ఏరి తెచ్చాను. ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక నా గుమ్మంలోనే పొట్లాలు విప్పేవాళ్ళు. నీకేం వచ్చింది, నాకేం వచ్చింది అని ఒకరి చేతుల్లోకి ఒకరు తొంగిచూసేవాళ్ళు. ఆ సంతోషం నెలంతా నన్ను నడిపించేది.

మూడో నెలలో మీ నాన్నకి పరీక్ష ఫీజు, హాస్టల్ బాకీ కలిపి 3,000 కట్టాల్సి వచ్చింది. బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు అప్పుడు. తాతయ్య దగ్గర లేవు. "నా దగ్గర ఉన్నాయిలే" అని తీసి ఇచ్చేశాను. చేతిలో ఉన్నాయి కాబట్టి నావే అనుకున్నాను చిట్టీ. అవి 40 మంది ఆడవాళ్ళవి, నా దగ్గర దాచుకున్నవి. వాడు డబ్బు తీసుకుని వెళ్ళాక కూర్చుని లెక్క వేస్తే 1,500 మిగిలాయి. ఇంకా నాలుగు నెలల పొట్లాలు నింపాలి. అంటే పొట్లానికి 9 రూపాయలు.

ఆ నెల నాలుగు షాంపూ ప్యాకెట్లు, చిన్న తిలకం సీసా, ఒక రిబ్బను, పిన్నుల అట్ట పెట్టాను. నిండుగా కనిపించాలని డీలర్ ఊరికే ఇచ్చిన కోల్డ్ క్రీమ్ శాంపిల్ కూడా వేశాను. దాని మీద "అమ్మకానికి కాదు" అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. ఎవరు చదువుతారులే అనుకున్నాను.

మర్నాడు దర్జీ ఆవిడ పొట్లం వెనక్కి తెచ్చింది. కొలతలు రాసుకునే కాగితం ముక్క ఒకటి దానితో పాటు బల్ల మీద పెట్టింది. షాంపూ 4, తిలకం 3, రిబ్బను 2, పిన్నులు 2. క్రీము పక్కన సున్నా. మొత్తం 11. ఏమీ అనకుండా నిలబడింది.

అప్పుడు డబ్బు తిరిగి ఇచ్చేసినా, కనీసం తప్పయిపోయిందన్నా సరిపోయేది. షాపులో నలుగురు ఉన్నారు, వాళ్ళ ముందు పరువు పోతుందనిపించింది. "లోపల ఏముంటుందో చెప్పనని ముందే అన్నాను కదా" అని గొంతు పెంచాను. ఆవిడ వచ్చీరాని తెలుగులో, "నువ్విచ్చిన గుడ్డలో సగం దాచుకుని కురచ జాకెట్ కుట్టి ఇస్తే తొడుక్కుంటావా అక్కా?" అంది. నేను ముఖం తిప్పుకున్నాను. మిగిలిన డబ్బు అడగను కూడా అడగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డుకి అవతలి వైపు నడిచేది.

నాలుగో నెల 17 మంది పొట్లం తీసుకోవడానికే రాలేదు. డబ్బు కట్టినవాళ్ళు రాలేదు! ఒక్కరూ పోట్లాడలేదు, ఒక్కరూ నిలదీయలేదు. పోట్లాడితే బాగుండునని ఆ రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో. చివరికి చెవిదిద్దులు కుదువపెట్టి, ఇంటింటికీ తిరిగి, మూడో నెల నుంచి అందరి డబ్బూ తిరిగి ఇచ్చాను. దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళడానికి ముఖం చెల్లక ఆవిణ్ణి ఆఖరికి ఉంచుకున్నాను. వెళ్ళేసరికి తలుపుకి తాళం ఉంది. కొడుకు మరమగ్గాల పనికి సూరత్ వెళితే వాడితోనే వెళ్ళిపోయిందన్నారు. ఆవిడ 100 రూపాయలు ఈనాటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఈ సంగతి మీ నాన్నకి చెప్పకు. వాడు ఆ డబ్బు ఎక్కడిదో అడగలేదు, నేను చెప్పలేదు. వాడి చదువు చూసుకుని నేను పొందిన ఆనందం తక్కువేమీ కాదు. తప్పు వాడిది కాదు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నువ్వు "సంవత్సరానికి కడితే తగ్గింపు" అని పెట్టావట. ఆ ప్లాన్ తీసేయ్. బతిమాలుకుంటున్నాను, కావాలంటే తిడుతున్నాననుకో. మూడు నెలలకి మించి ముందు తీసుకోకు. తీసుకున్నది వేరే అకౌంటులో పడేయ్. బాక్స్ ఆ అమ్మాయి చేతికి అందాకే ఆ నెల వాటా నీ వైపు తెచ్చుకో. ఇంట్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా, నాకే ఆసుపత్రి ఖర్చు వచ్చినా, దాన్ని ముట్టుకోకు.

నెలనెలా డబ్బు దానంతట అదే కట్ అయ్యేలా పెడితే, కోయడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ వెళ్ళాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. అదే సమయానికి ఈ నెల ఏమేం వస్తున్నాయో నువ్వూ రాయి, సైజుతో సహా. 2 మిల్లీలీటర్లయితే 2 అనే రాయి, బొమ్మ కూడా అంతే సైజులో కనిపించాలి. వద్దనుకున్నవాళ్ళు ఒక్క నొక్కుతో మానేసేలా ఉండాలి. ముందే టిక్కు పెట్టిన గడితో ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదని 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లోనే ఉందని మీ వదిన చెప్పింది. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలట, నెలలోపు తేల్చాలట. నెల ఎందుకే? రెండు రోజుల్లో తేల్చేయ్. డబ్బు వెనక్కి అడిగితే వాదించకు. అసలు అడగనివాళ్ళకే నువ్వు ఫోన్ చెయ్. రెండు నెలలు మాట లేకుండా మానేసిన అమ్మాయికి ఫోన్ చేసి, ఏది నచ్చలేదమ్మా అని అడిగి, చెప్పింది రాసుకో.

రంగు విషయంలో నాకు కోపం వచ్చింది. నీ బాక్స్ మీద బొమ్మలో అమ్మాయిలందరూ పాలరంగులో ఉన్నారు. బరంపురంలో, గుణుపురంలో, మన ఊళ్ళో నీ బాక్స్ కొనేవాళ్ళు ఆ రంగులో ఉన్నారా? నా షాపులో గులాబీ రంగు పౌడర్ ఒక్కటే ఉండేది. నల్లటి పిల్లలు అది రాసుకుని బూడిద పూసినట్టు కనిపించేవాళ్ళు, వాళ్ళ అమ్మలు అదే అందమనుకునేవాళ్ళు. ఆ పాపంలో నాకూ భాగం ఉంది. నువ్వు అలా చేయకు. రంగు సరిపోయే షేడ్ దొరక్కపోతే ఆ నెల ఫౌండేషన్ పంపకు, కాటుక పంపు, నూనె పంపు. ఫారంలో అడిగితే చదివి తీరాలి. చదివే తీరిక లేకపోతే రెండు ప్రశ్నలే అడుగు.

ప్రతి వస్తువు మీదా తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడకుండా బాక్స్‌లో పెట్టకు. ఆరు నెలలకన్నా తక్కువ గడువు ఉంటే వెనక్కి పంపేయ్. చిన్న ప్యాకెట్ల మీద లోపల ఏమేం కలిపారో తరచూ ఉండదు. పెద్ద సీసా మీదది చూసి ఒక కార్డు మీద రాసి పెట్టు. మోచేతి లోపలి వైపు కొంచెం రాసుకుని ఒక రోజు ఆగి చూడమని కూడా రాయి. జుట్టు రంగులు మాత్రం వద్దే వద్దు, పడనివాళ్ళకి ముఖం వాచిపోతుంది. ఆ కార్డు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో. మాట్లాడే భాషే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి పిల్లవి నువ్వు. "డెర్మటలాజికల్లీ టెస్టెడ్" అని రాసి వదిలేస్తే ఎవరికి అర్థమవుతుంది?

ఇక రజ పండుగ. ఆ మూడు రోజులు ఆడపిల్లలు పాదాలకి ఎర్రటి అల్తా పెట్టుకుని, కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతుంటే వాళ్ళ చేతిలో నీ బాక్స్ ఉండాలనుకున్నావు. ఆ ఆలోచన వింటే ముచ్చటేసింది. కానీ పండుగ జూన్ మధ్యలో. అంటే నీ పార్సిళ్ళు అంతకు ముందు ఎండల్లో కొరియర్ వాళ్ళ రేకుల షెడ్డులో పడి ఉంటాయి. లిప్‌స్టిక్ కారుతుంది, క్రీములో నూనె విడిపోతుంది. మొదటి బాక్సే అలా వెళ్ళకూడదు. అక్టోబరు కూడా వద్దు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న. తిత్లీ అప్పుడు మన ఊరు ఎలా ఉందో నువ్వు చూశావు. కార్తీకం వచ్చాక నవంబరులో మొదలుపెట్టు. అప్పటిదాకా పది మందికి పంపి చూడు, తెరిచేటప్పుడు పక్కన కూర్చో. రజకి వచ్చే ఏడు అల్తా, గాజులు, కరగనివి పెట్టి పంపుదువు గాని.

నవంబరు బాక్సుకి నా పేరు రాసుకో. డబ్బు మీ మామయ్య చేత పంపుతున్నాను. అత్త కదా అని ఊరికే పంపితే తీసుకోను. ఫారం ఇక్కడే నింపుతున్నాను: 60 దాటాయి, చామనఛాయ, చలికాలం మడమలు పగులుతాయి, ఘాటు వాసనలు పడవు. గోళ్ళ రంగు వద్దు. మంచి కాటుక దొరికితే పెట్టు.

పండక్కి వచ్చినప్పుడు ఆ కాగితం ముక్క చూపిస్తాను, బీరువాలో ఉంది.

నీ అత్త